పోయొచ్చే చదువు

మా చిన్నమ్మ బిడ్డది టేకుమట్ల. డిగ్రీ అయిపోయింది, సీపీగెట్ రాసింది, ఎమ్మే తెలుగుకు చెప్పుకోదగ్గ ర్యాంకే వచ్చింది. మొన్న రాత్రి ఫోన్ చేసి, "అక్కా, వెబ్ ఆప్షన్లు పెట్టాలె. ముందు ఓయూ పెట్టాల్నా, కేయూ పెట్టాల్నా?" అని అడిగింది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. పుస్తకాలు చదివే మిత్రులం కొందరం కలిసి నడుపుకునే వాట్సాప్ గ్రూపు ఒకటుంది, అందులో అడిగాను. పది నిమిషాల్లో ఇరవై జవాబులు వచ్చాయి. "హెచ్‌సీయూకి రాయలేదా?" అని ముగ్గురు. "కేయూలో ఇప్పుడేముంది, సార్లే లేరు" అని ఇద్దరు. ఒకరు ర్యాంకుల పట్టిక స్క్రీన్‌షాట్ పెట్టారు. "ఎమ్మే తెలుగా? ఎందుకు?" అన్నాయన కూడా ఉన్నాడు, ఆయన కవి. పోయిన నెలే ఓరుగల్లు మట్టి గురించీ అక్కడి పోరాటాల గురించీ పెద్ద వ్యాసం రాసిన మిత్రుడు, "ఆ క్యాంపస్‌లో రెండేళ్లు వేస్టు" అని తేల్చేశాడు. ఆయన వ్యాసంలో కేయూ పుణ్యక్షేత్రం. చుట్టాల పిల్లను పంపాల్సి వచ్చేసరికి పాడుబడ్డ గుడి.

ఆ గ్రూపు మీద కోపంతోనే ఇది రాస్తున్నాను. కొంత నా మీద కోపంతో కూడా. ఎందుకంటే ఆ ఇరవై జవాబుల్లో పూర్తిగా తప్పు అనదగ్గది ఒక్కటీ లేదు. ఆ పిల్లకు పనికొచ్చేదీ ఒక్కటి లేదు.

హెచ్‌సీయూ సంగతి ముందే తేల్చేద్దాం. అది మంచి విశ్వవిద్యాలయం, కాదని ఎవరన్నారు? లైబ్రరీ ఉంది, టీచర్లు ఉన్నారు. రేపు పీహెచ్‌డీలో చేరితే జేఆర్‌ఎఫ్ లేకపోయినా నెలకు 8,000 నాన్-నెట్ ఫెలోషిప్ వస్తుంది. అది కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే పరిమితం. అదే పరిశోధన రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేస్తే ఆ ఎనిమిది వేలు కూడా ఉండవు. ఇది చిన్న తేడా కాదు. కానీ అక్కడ సీటుకు సీయూఈటీ రాయాలి. దాని దరఖాస్తులు చలికాలంలో వస్తాయి, పరీక్ష మార్చిలో. చలికాలంలో టేకుమట్ల చుట్టుపక్కల ఇళ్లలో పత్తి ఏరుతుంటారు. డిగ్రీ ఆఖరి ఏడాది పిల్ల సెలవు రోజున చేనుకు పోతుంది. అట్లాంటి పరీక్ష ఒకటుందని ఆమెకు ఎవరు చెప్పాలి? మనం చెప్పాలి. మనకు తెలుసు, చెప్పలేదు. జులైలో ఫోన్ చేసిన పిల్లను "రాయలేదా?" అని అడగడం సలహా కిందికి రాదు. ఇంకొక మాట. పల్లె నుంచీ వాడ నుంచీ వచ్చిన పిల్లలకు అది స్వర్గమని మాత్రం ఎవరూ చెప్పకండి. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయింది ఆ క్యాంపస్‌లోనే.

ఇక కేయూ. 1976లో, అప్పటిదాకా ఉస్మానియాకు పీజీ సెంటర్‌గా ఉన్నది కాకతీయ విశ్వవిద్యాలయం అయింది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లకు, అదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా, చాలా ఏళ్లు అదే యూనివర్సిటీ. మా చెల్లె కులం సర్టిఫికెట్ మీద, ఆదాయం సర్టిఫికెట్ మీద ఉన్న జిల్లా పేరు జయశంకర్ భూపాలపల్లి. ఆ జయశంకర్ సారు 1991 నుంచి 1994 దాకా కేయూకు వైస్ చాన్స్‌లర్. ఆయన పేరు జిల్లాకు పెట్టుకున్నాం. ఆయన నడిపిన యూనివర్సిటీలో మాత్రం రిటైరైనవాళ్ల కుర్చీలు నింపలేదు.

దీన్ని దాచి ఆ పిల్లకు కేయూ గొప్పలు చెప్తే పాపం. రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నీ కలిపి చూస్తే మంజూరైన అధ్యాపక పోస్టుల్లో మూడింట రెండొంతుల పైనే ఖాళీ. అందరినీ కలిపి ఒకే బోర్డుతో నియమిస్తామని 2022 సెప్టెంబర్‌లో శాసనసభ ఒక బిల్లు పాస్ చేసింది. అది గవర్నర్ దగ్గర ఆగింది. ఆ పార్టీ పోయి ఈ పార్టీ వచ్చింది. క్లాసులు ఎవరు చెప్తున్నారంటే కాంట్రాక్టువాళ్లు, పార్ట్‌టైమ్‌వాళ్లు. వాళ్లలో చాలామంది బాగా చెప్తారు, వాళ్లనేం అనను. కానీ యూజీసీ నిబంధన ప్రకారం పీహెచ్‌డీకి గైడ్‌గా ఉండాలంటే రెగ్యులర్ అధ్యాపకులే అయ్యుండాలి. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి తీసుకోకూడదు. రెగ్యులర్‌వాళ్లు తగ్గినకొద్దీ పరిశోధన సీట్లు తగ్గుతాయి. పరిశోధన లేని డిపార్ట్‌మెంటులో ఎమ్మే పిల్లలు తమకంటే నాలుగేళ్లు పెద్దవాళ్లను చూడరు. సీనియర్లు లేని చోట జూనియర్ ఏం నేర్చుకుంటుంది?

ఇంకోటి. రాష్ట్రంలో ఏ యూనివర్సిటీ రీడింగ్ రూముకైనా పోయి చూడండి. కుర్చీ దొరకదు. సంతోషపడేలోపే బల్లల మీది పుస్తకాలు చూడండి. గ్రూప్ టూ, పోలీసు, గురుకులం, డీఎస్సీ. చదువు అయిపోయిన వాళ్లు, చదువుతున్న వాళ్లు, చదువు పేరుతో హాస్టల్ కోసం చేరిన వాళ్లు. వాళ్లను తప్పుపట్టేవాడికి కడుపు నిండి ఉండాలి. అయినా ఎమ్మేలో చేరిన పిల్ల నెల తిరిగేసరికి నన్నయను పక్కకు పెట్టి కరెంట్ అఫైర్స్ బట్టీ పట్టడం మొదలుపెడితే, ఎమ్మే ఉన్నట్టా లేనట్టా? ఇది ఓయూలో ఇంకా ఎక్కువ. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లు అక్కడికి కూతవేటు దూరంలో ఉన్నాయి.

ఇంతవరకు గ్రూపు వాళ్లు చెప్పిందీ నేను చెప్పిందీ ఒకటే. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆ పిల్లకు మళ్లీ ఫోన్ చేసినప్పుడు చిన్నమ్మ తీసుకుంది.

"కేయూనే నయం గదనే. హన్మకొండకు బస్సు ఫ్రీ. పొద్దుగాల పోయి పొద్దూకేటాళ్లకు ఇంటికాడుంటది. హాస్టలు ఎందుకు, ఖర్చెందుకు?"

అప్పటిదాకా మేమంతా కేయూకూ ఓయూకూ హెచ్‌సీయూకూ మధ్య తూకం వేస్తున్నాం. చిన్నమ్మ మాట వినేసరికి తెలిసింది, అసలు తూకం వేరే రెండింటి మధ్య. ఒకటి హాస్టలు, ఇంకొకటి బస్సు.

బస్సు మీద నాకేం కోపం లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు. ఆ జీరో టికెట్ చూపించి ఎంతమంది పిల్లలు పక్క మండలం కాలేజీకి, ఆసుపత్రికి, పనికి పోతున్నారో నేను చూశాను. "ఫ్రీ బస్సు ఎక్కి ఊరేగుతున్నారు" అని ఎకసెక్కాలాడే మగవాళ్లకు జన్మలో ఒక్కసారైనా ఇంటి దగ్గర బస్సు చార్జీ అడుక్కోవాల్సి వచ్చిందా? కాబట్టి ఆ వరసలో నన్ను కలపకండి. నా మాటల్లా ఇదే. బస్సు ఫ్రీ అవడం వల్ల ఆడపిల్లకు యూనివర్సిటీ దగ్గరైంది. అదే కారణం చూపించి ఆమెను యూనివర్సిటీలో ఉండనివ్వడం లేదు. ఇంతకుముందు చార్జీలు లెక్కేసుకుని "రోజూ పోయొచ్చేదానికన్నా హాస్టలే నయం" అనే తల్లిదండ్రులు కొందరుండేవాళ్లు. ఇప్పుడు ఆ లెక్క ఎవరూ వేయరు.

టేకుమట్ల నుంచి చిట్యాల, పరకాల మీదుగా హన్మకొండకు పల్లెవెలుగులో రెండు గంటల పైనే. పొద్దున ఏడింటికి ఎక్కితే బస్టాండ్‌లో దిగి, మళ్లీ ఆటో పట్టుకుని కేయూ క్రాస్‌రోడ్డు చేరేసరికి పదవుతుంది. మొదటి క్లాసు సగం అయిపోయి ఉంటుంది. మూడింటికల్లా కాళ్లల్లో తొందర మొదలు. మూడున్నరకు బయటపడకపోతే ఇంటికి చేరేసరికి చీకటి. ఇంటికి పోయాక బోళ్లు తోముడు, వంట, తెల్లారి మళ్లీ ఐదింటికి లేచుడు. ఆదివారం చేను. ఇట్లా నాలుగు సెమిస్టర్లు. డెబ్బై ఐదు శాతం హాజరు ఉంటుంది, జిరాక్స్ నోట్సు ఉంటాయి, ఫస్ట్ క్లాసు కూడా రావచ్చు. కాగితం మీద ఆమె కేయూలో చదివింది. నిజానికి చదివింది పరకాల బస్సులో, అది కూడా సీటు దొరికిన రోజు.

నన్నడిగితే యూనివర్సిటీ నాలుగింటికి మొదలవుతుంది. క్లాసు అయిపోయాక. సారు చెప్పింది నిజమేనా అని చెట్టు కింద ఇద్దరు కొట్లాడుకున్నప్పుడు, లైబ్రరీలో వెతకని పుస్తకం పక్క అరలో కనబడ్డప్పుడు, రూమ్మేట్ రాత్రి పదకొండింటికి తన కథ చదివి వినిపించినప్పుడు. పొద్దటి పూట క్లాసురూములో జరిగేది ఇప్పుడు యూట్యూబ్‌లో కూడా దొరుకుతుంది. సాయంత్రం దొరకదు.

జనగామ జిల్లా వావిలాలలో పుట్టిన నవీన్ 1969లో 'అంపశయ్య' అచ్చేశారు. పల్లె నుంచి ఉస్మానియాకు వచ్చిన రవి అనే విద్యార్థికి ఒక్క రోజులో మనసులో తిరిగిన ఆలోచనలే ఆ నవల. రచయిత ఇంటిపేరు పోయి ఆ నవల పేరే ఇంటిపేరైంది. ఒకసారి ఊహించండి. ఆ రవి హాస్టల్లో ఉండకుండా రోజూ ఊరి నుంచి వచ్చిపోయేవాడైతే ఆ నవల ఏమయ్యేది? మూడున్నర బస్సు దగ్గర అయిపోయేది. డబ్బుల బాధ, అవమానం, కోరిక, అసూయ, ఇవన్నీ మనిషికి సాయంత్రం ఖాళీగా దొరికినప్పుడు మీద పడతాయి. వాటితో కుస్తీ పట్టే తీరిక ఇచ్చేది హాస్టల్ గది. ఆ తీరిక రవికి దొరికినంత తేలిగ్గా ఆడపిల్లకు దొరకదు. దొరికిన రెండేళ్లను కూడా ఫ్రీ బస్సు పేరు చెప్పి లాక్కుందామా?

కేయూ సంగతే తీసుకోండి. 1980ల మొదటి సగంలో బాలగోపాల్ అక్కడ లెక్కలు చెప్పేవాడు. 1983 నుంచి పౌరహక్కుల సంఘానికి ప్రధాన కార్యదర్శి. 1985లో ఆ ఉద్యోగం పోయింది. ఆయన వల్ల ఒక తరం నేర్చుకున్నది లెక్కల క్లాసులో నేర్చుకున్నదే అయితే ఇవ్వాళ మనం ఆయన పేరు తలుచుకునేవాళ్లం కాదు. తెలుగు శాఖలో ఏళ్ల తరబడి పాఠం చెప్పిన కాత్యాయనీ విద్మహే 'సాహిత్యాకాశంలో సగం' వ్యాసాలకు 2013లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. తెలుగులో ఆడవాళ్లు రాసింది ఎట్లా చదవాలో నేర్పిన పుస్తకం అది. అట్లాంటి పని చేసినవాళ్లు ఉన్న ఊళ్లో రెండేళ్లుంటే సభలో వెనక కుర్చీలోనన్నా కూర్చోవచ్చు. సభలు సాయంత్రం ఆరింటికి పెడతారు. ఆరింటికి మా చెల్లె చిట్యాల దాటుతుంటుంది.

వరంగల్ గురించి ఉద్వేగంగా రాసే నా మిత్రులకు ఈ సంగతి తెలియక కాదు. వాళ్లలో చాలామంది హాస్టల్‌వాళ్లే. వాళ్లకు సాయంత్రం ఉండింది కాబట్టి వాళ్లు వాళ్లయ్యారు. ఇప్పుడు ఆ క్యాంపస్‌లో టీచర్లు లేరని తెలిసి, పోవద్దంటున్నారు. టీచర్లు లేకపోతే సర్కారును అడగాలి. మీరు పోవద్దంటే ఎవరు పోతారో తెలుసా? ఇంకెక్కడికీ పోలేనివాళ్లు. వాళ్లు అడిగితే వినేవాడుండడు. ఎవరూ కోరుకోని చోట పోస్టులు నింపాల్సిన అవసరం సర్కారుకు కనబడదు. పోస్టులు నింపని చోటికి ఎవరూ పోరు. ఈ గుండ్రం ఎక్కడో ఒకచోట తెగాలి గదా.

"అయితే నీ చెల్లెను బలిపెడతావా?" అని గ్రూపులో ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. బలిపెట్టను. యూనివర్సిటీని బాగుచేసే బాధ్యత ఇరవై ఒక్కేళ్ల పిల్ల మీద వేయడం మనకు తేలిక, అందుకే అనుమానం. ఓయూలో హాస్టల్ సీటు ఖాయమని ఎవరైనా రాసిస్తే ఓయూనే ముందు పెట్టమంటాను. అక్కడ సాయంత్రాలకు కొదవ లేదు. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నుంచి ఉంది. సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ఏటా పుస్తకాల సంత. కానీ హాస్టల్ ఇవ్వకపోతే? ప్రైవేటు హాస్టల్లో నెలకు ఆరేడు వేలకు తక్కువ లేదు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. ఆ డబ్బుల కోసం సాయంత్రం ట్యూషన్లో, షోరూములో నిలబడడమో. మళ్లీ సాయంత్రం పోయింది, ఈసారి సిటీలో. పైగా మా చిన్నాయన హైదరాబాద్ అనంగనే సంబంధాలు చూడడం మొదలుపెడతాడు. ఇది కూడా లాభనష్టాల్లో రాసుకోవాల్సిందే, ర్యాంకుల పట్టికలో మాత్రం కనబడదు.

హన్మకొండకూ భాషానిలయం ఉంది. హైదరాబాద్‌ది మొదలైన మూడేళ్లకే, 1904లో, రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టుకున్నారు. నిజాం కాలంలో తెలుగు చదువుకునే చోటు కోసం సొంతంగా పెట్టుకున్న గ్రంథాలయం. సర్కారు ఇవ్వలేదని కూర్చోలేదు వాళ్లు.

టేకుమట్లవాళ్లకు సర్కారు ఇచ్చే మాటల విలువ బాగా తెలుసు. మండలంలోని గర్మిళ్లపల్లికీ మానేరు అవతల ఓడేడుకూ మధ్య 2016లో వంతెన మొదలుపెట్టారు. అది అయితే అటు మంథని, ఇటు పరకాల దగ్గరవుతాయన్నారు. 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి గాలిదుమారానికి గడ్డర్లు కిందపడ్డాయి. వరద కూడా కాదు, గాలి. పక్కనే ములుగులో గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామని 2014 విభజన చట్టంలో రాశారు. ఆంధ్రాలో అట్లాంటిదే 2019లో మొదలైంది. ఇక్కడ సమ్మక్క సారక్క పేరుతో చట్టం కావడానికి 2023 డిసెంబర్ దాకా పట్టింది. జాకారంలోని యువజన శిక్షణ కేంద్రం భవనంలో ఇంగ్లిష్, ఎకనామిక్స్ డిగ్రీలతో క్లాసులు మొదలయ్యాయి. అది ఎమ్మే తెలుగు పెట్టేదాకా మా చెల్లె ఆగితే ఆమె బిడ్డ చదువుకోవచ్చు.

కాబట్టి ఉన్నదాంట్లోనే చూసుకోవాలి. ఆ పిల్లకు నేను చెప్పిన వరస ఇది. కేయూ క్యాంపస్ ముందు పెట్టు, ఓయూ రెండోది. ఎక్కడ సీటొచ్చినా ఆ రోజే హాస్టల్‌కు దరఖాస్తు పెట్టు. ఎమ్మే అయ్యేలోగా నెట్ రాయి. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000, ఎక్కడికైనా పోవచ్చు. రాకపోయినా, పీహెచ్‌డీ అంటూ చేస్తే సెంట్రల్ యూనివర్సిటీలోనే చెయ్యి, దాని దరఖాస్తు సంగతి ఈసారి నేను గుర్తుచేస్తా. రీడింగ్ రూములో గ్రూప్ టూ పుస్తకం చదువుతానంటే చదువు, కానీ చీకటిపడ్డాక ఒక గంట సిలబస్‌లో లేని పుస్తకం ఏదైనా ముందు పెట్టుకో. డిపార్ట్‌మెంటులో పాఠం చెప్పే కాంట్రాక్టు మేడం ఉంటే ఆమెను చాయ్‌కి పిలువు, తన థీసిస్ దేని మీద రాసిందో అడుగు. ఆమెను ఆ మాట ఎవరూ అడిగి ఉండరు.

అన్నీ విన్నాక, "అక్కా, అన్నీ సరేగానీ, హాస్టల్ ఎందుకని బాపు అడిగితే ఏం చెప్పాలె?" అంది.

దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. సాయంత్రం కోసం అని మా చిన్నాయనకు చెప్తే, "సాయంత్రం ఇంటికాడ లేదా?" అంటాడు. నిజమే అంటాడు కూడా. ఆయన పొద్దంతా చేన్లో ఉండి పొద్దూకాక ఇంటికొస్తాడు, బిడ్డ ఇంట్లో కనబడాలని ఆయనకుంటుంది. రోజుకు ఐదారు గంటలు బస్సుల్లో పోతున్నాయని చెప్పొచ్చు. క్లాసు తప్పితే హాజరు పోతుంది, హాజరు పోతే స్కాలర్‌షిప్ పోతుంది అని భయపెట్టొచ్చు. ఆ మాట ఆయనకు అర్థమవుతుంది. కానీ అబద్ధపు కారణంతో హాస్టల్‌కు పంపించిన పిల్లను దసరాకు ఇంటికొచ్చినప్పుడు, "హాజరు ఎంతుంది?" అని మాత్రమే అడుగుతారు. ఏం చదివినవ్ అని అడగరు.

హాస్టల్ ఫారం మీద తండ్రి సంతకం కావాలట. "నువ్వే ఒకసారి బాపుతోని మాట్లాడు, నా మాట వినడు" అని పెట్టేసింది. ఆప్షన్లు రేపు సాయంత్రం ఐదింటి వరకే. చిన్నాయన చేన్ల నుంచి ఏడింటికి గానీ రాడు, ఈ రాత్రే చేయాలి.